పంటికి చెల్లించు పన్ను

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కులమహాసభలయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు పెద్దలు ముచ్చటించుట పరిపాటి. అవి యన్నియు ముఖ్యవిషయములే. ఈ సంవత్సరము ఆరోగ్యమును గూర్చి యొక యుపన్యాసము కావలెనని కార్యనిర్వాహకవర్గమువారు కోరగా, మేము పండ్లను గూర్చి మాటలాడుటకు నిశ్చయించుకొంటిమి. ఇంత గొప్ప సభలో ఇంత చిన్న విషయమా యని కొందఱు నవ్వవచ్చును. నవ్వునప్పుడు కనబడునవి పండ్లే గనుక ఆ నవ్వును మేము శుభారంభముగానే గ్రహించెదము.

మన తెలుగున "పన్ను" అను మాటకు రెండర్థములు గలవు. ఒకటి నోటిలోనిది, రెండవది సర్కారునకు కట్టునది. సర్కారు పన్నునకు ముందుగా తాఖీదు వచ్చును, గడువు ఉండును, కట్టినచో రసీదు దొరకును. నోటిలోని పన్నును మనచేత పన్ను కట్టించుకొనును గాని, దానికి గడువు లేదు, రసీదు లేదు. ఆలసించి కట్టినవారికి రెండింటను అపరాధరుసుము తప్పదు. సర్కారు వేయు అపరాధరుసుము రూపాయలతో తీఱును. పంటి విషయమున నది కొన్ని సమయములందు మూత్రపిండములమీదను, అంగిలిమీదను పడుచున్నది. మేము నేడు విన్నవింపదలచిన దీ రెండవ పన్నును గూర్చియే.

మన సీమ స్థితి

ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలోని కొబ్బరితోటలను, జీడితోటలను, పనసచెట్లను చూచిన పరదేశి ఇక్కడివారికి కొఱతయేమి యనుకొనును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను ఆ చెట్లను వేలకొలది నేలగూల్చినది. చెట్లు మరల నాటితిమి. కాని అంతకు ఎన్నియో సంవత్సరములకు ముందునుండియే మూత్రపిండవ్యాధి మన గృహములను నేలగూల్చుచున్నది. దానికి కారణమేమో శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయింపలేకున్నారు.

ఈ సీమలో పైకము వచ్చు తీరు వేఱు. జీడిపిక్కల డబ్బు వేసవిలో వచ్చును. కొబ్బరి దింపు దింపునకు కొంత చేతికందును. పలాస-కాశీబుగ్గ జీడి కార్ఖానాలలో పప్పు తీయు స్త్రీలకు పనియున్న దినమున కూలియుండును, పనిలేని దినమున లేదు. వలసపోయిన బిడ్డలు పంపునది వారి వీలునుబట్టి వచ్చును. ఆదాయము ఋతువు చూచి వచ్చునుగాని రోగము ఋతువు చూచి రాదు. శ్రావణమాసమున పన్ను పోటు పెట్టినచో, జీడి డబ్బు వచ్చు వఱకు ఓర్చుకొందమని పెద్దలు మాత్రలు మ్రింగుదురు. ఆ ఓర్పులోనే యావత్తు నష్టమును దాగియున్నది.

నోటిరోగము మన సీమకే ప్రత్యేకమని సిగ్గుపడ నవసరము లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2022లో ప్రకటించిన నివేదికనుబట్టి లోకమున 350 కోట్లమంది నోటిరోగములతో నున్నారు. వారిలో సుమారు 200 కోట్లమందికి శాశ్వతదంతములు పుచ్చియు చికిత్స లేకయున్నవి. ఇంత విరివిగా నున్న రోగమునే లోకము చిన్నదిగా నెంచుట వింతయే.

పుప్పిపన్ను నడచు మార్గము

తీపిపదార్థములు పండ్ల సందులలో నిలిచినప్పుడు నోటిలోని సూక్ష్మజీవులు వానిని తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటిపై నుండు గట్టి పింగాణివంటి పొరను కరగించును. ఆ పొరలో నరములు లేవు. కాబట్టి నొప్పియు లేదు. నొప్పి లేదు గనుక మనము వైద్యునికడకు పోము. అటుపిమ్మట గుంట లోపలిపొరను చేరును, చల్లనీరు జివ్వుమనును. తుదకు నరములును రక్తనాళములును ఉండు నడిగుజ్జును తాకును. అప్పుడు రాత్రి నిద్రయుండదు. ఆ గుజ్జు కుళ్లి, వేరుకొనవద్ద చీము పట్టి, దవడ వాచును.

ఈ మార్గమున ఒక్కొక్క మజిలీకి ఒక్కొక్క వెల యున్నది. మొదటి మజిలీలో గుంటను శుభ్రపఱచి సిమెంటుతో నింపిన సరిపోవును. అది ఒక పూట పని, వందల రూపాయలతో పోవునది. గుజ్జును తాకిన పిదప రూట్‌కెనాల్ చికిత్స, ఎక్సురే, పైన తొడుగు కావలెను. రెండు మూడు పర్యాయములు పోవలెను. వ్యయము వేలలోనికి దిగును. పన్ను తీయించివేసినచో అప్పటికి చౌక. కాని ఖాళీ స్థలమునకు ప్రక్కపండ్లు ఒరగును, నములుట ఒక ప్రక్కకే పోవును, కట్టుడుపన్ను పెట్టించుట మరల వేలతో పని. నొప్పి లేని దినమున వైద్యునికడకు పోయినవాడు తక్కువ యిచ్చును. నొప్పి భరింపలేక పోయినవాడు ఎక్కువ యిచ్చును. ఈ యొక్క సూత్రము మన స్త్రీలకు తెలిసినచో మా యుపన్యాసములో సగము సఫలమైనట్లే.

మనము చెల్లించు తీరు

మన గ్రామములలో పంటినొప్పి వచ్చిన గృహస్థుడు తొలుత లవంగము పెట్టును, ఉప్పు కాపడము పెట్టును. రెండవది మందులదుకాణము, అచ్చట చీటీ లేకుండ నాలుగు మాత్రలు దొరకును. మూడవది గ్రామవైద్యుని సూది. నాలుగవది పలాసలోనో, టెక్కలిలోనో ఉన్న దంతవైద్యుడు. ఐదవది శ్రీకాకుళము, విశాఖపట్టణము, బ్రహ్మపురము. ఈ అయిదు మెట్లలోను చేతి సొమ్మే పోవును. ఐదవమెట్టునకు చేరునప్పటికి మొదటి మూడు మెట్లలో వ్యయమైనది ఎవరి లెక్కలోను ఉండదు.

లెక్కకొఱకు ఒక కుటుంబమును ఊహింతము. దినకూలి 400 రూపాయలనుకొందము. వజ్రపుకొత్తూరు సముద్రతీర గ్రామమునుండి రోగియు, తోడుగా నొకరును శ్రీకాకుళమునకు పోయిరి. ఇద్దరి కూలి 800 పోయినది. బస్సు, భోజనము కలిసి 300 అయినది. మొత్తము 1,100. నాలుగు పర్యాయములు తిరిగినచో 4,400 రూపాయలు వైద్యుని చేతిలో ఒక్క రూపాయి పెట్టకముందే ఖర్చయినవి! అందుచేత వైద్యుని మొదట అడుగవలసినది "ఎంత తీసికొందురు?" అని మాత్రమే కాదు, "ఎన్ని పర్యాయములు రావలెను?" అనియు నడుగవలెను.

ఇక ఈ సొమ్ము ఎక్కడనుండి వచ్చునన్న, కొందఱు చెవికమ్మలు తాకట్టు పెట్టుదురు. కొందఱు చీటీ పాడుదురు. కొందఱు పొదుపుసంఘములో తీసికొందురు. ఎటును దొరకనివారు నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి తెత్తురు. 10,000 రూపాయలకు ఆ వడ్డీ నెలకు 300; సంవత్సరమునకు 3,600. అసలు అట్లే నిలిచియుండును. పంటినొప్పి పోయిన పిదప వడ్డీనొప్పి మిగులును.

భారతదేశమున వైద్యమునకు జరుగు మొత్తము వ్యయములో ప్రజలు తమ జేబునుండి నేరుగా పెట్టుకొను భాగము 2013-14లో నూటికి 64.2గా నుండి, 2021-22 నాటికి 39.4కు తగ్గినదని జాతీయారోగ్యలెక్కలు చెప్పుచున్నవి. సంతోషమే. కాని ఆ తగ్గుదల దంతవైద్యమున తమ యింటికి ఎంతవఱకు వచ్చినదో ప్రతి గృహస్థుడును తన చీటీలు తీసి చూచుకొనవలెను.

సర్కారు చెల్లించునది, చెల్లింపనిది

2007 ఏప్రిల్ 1వ తేదీని ఆరోగ్యశ్రీ పథకము మొదలైనప్పుడు అనంతపురము, మహబూబునగరములతో పాటు మన శ్రీకాకుళము జిల్లాయు మొదటి మూటిలో నొకటి. నేడు అది ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్నది. దానివలన పెద్ద శస్త్రచికిత్సలు, క్యాన్సరు చికిత్సలు పేదలకు అందినవి. మూత్రపిండ రోగులకు డయాలిసిస్ సర్కారు వ్యయముతో జరుగుచున్నది; 2019 నుండి డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పడినది. పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండపరిశోధనకేంద్రమును 2023 డిసెంబరు 14వ తేదీని ప్రారంభింపబడినవి. ఇవి మన సీమవారు ఎంతో కాలము మొఱపెట్టుకొనగా వచ్చినవి.

అయితే పథకముల స్వభావమే ఆసుపత్రిలో చేరవలసిన పెద్దరోగమును చూచునట్టిది. పుప్పిపంటిని నింపుటకు, చిగుళ్ల గారను తీయుటకు, వృద్ధునకు కట్టుడుపండ్లు పెట్టుటకు సామాన్యుడు తన సొమ్ముమీదనే యాధారపడుచున్నాడు. రోగము చిన్నదిగా నున్నప్పుడు ఖర్చు మనది; అది పెద్దదైన పిదప ఖర్చు సర్కారుది. చిన్నదిగా నున్నప్పుడు మనకడ సొమ్ము లేదు. పెద్దదైన పిదప సొమ్ము దొరకినను ఆరోగ్యము దొరకదు. ఈ మధ్యనున్న గోతినే కులసంఘములవంటివి పూడ్పవలసియున్నది.

నొప్పిమాత్ర, మూత్రపిండము

ఇప్పుడు మేము చెప్పబోవునది ఉద్దానవాసులు ముఖ్యముగా వినవలసినది. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మొదలైన నొప్పిమాత్రలు మూత్రపిండములకు పోవు రక్తప్రవాహమును తగ్గింపగలవు. ఆరోగ్యవంతుడు వైద్యుని సలహాతో రెండు మూడు దినములు వాడిన సామాన్యముగా ముప్పులేదు. కాని ఎండలో పనిచేసి చెమటతో ఒడలెండినవానికిని, మూత్రపిండములు ఇదివఱకే బలహీనమైనవానికిని అవి హానికరములు. మన సీమలో ఎందఱికో ఆ బలహీనత యున్నది. అందులో అనేకులకు ఉన్నట్లు తెలియనే తెలియదు, ఏలన ఆ వ్యాధియు మొదటి దశలలో నొప్పి లేనిది. నొప్పిలేని రోగముతో నున్నవాడు నొప్పిగల రోగమునకు మాత్ర మ్రింగి రెండింటిని పెంచుకొనుచున్నాడు.

నొప్పిమాత్రలే ఉద్దానవ్యాధికి మూలకారణమని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పుటకు ప్రమాణము లేదు. కాలుచున్న ఇంటిమీద కిరసనాయిలు పోయరాదని మాత్రమే మా మాట. పారాసిటమాల్ తగిన మోతాదులో మూత్రపిండములకు వీనికంటె క్షేమకరమని వైద్యులందురు. కాని దానితో అసిక్లోఫెనాక్‌ను కలిపి ఒకే బిళ్లగా అమ్ముటయు గలదు. కాబట్టి దుకాణములో పేరు చదివించుకొని తీసికొనవలెను. ఎంత మంచి మాత్రయైనను పంటి గుంటను పూడ్చదు. యాంటిబయోటిక్ మాత్రయు చీమును కొన్నాళ్లు అణచును. మూలమునకు చికిత్స కానిదే అది మరల తల యెత్తును. దవడ వాచి, జ్వరము వచ్చి, నోరు తెఱచుటయో మ్రింగుటయో కష్టమైనచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. అట్టి వాపు ఊపిరికే అడ్డుపడగలదు.

డయాలిసిస్ చేయించుకొను రోగులు తమ స్థితిని దంతవైద్యునికి తప్పక చెప్పవలెను. డయాలిసిస్ సమయమున రక్తము గడ్డకట్టకుండ హెపారిన్ ఇత్తురు. కావున పన్ను తీయుట సాధారణముగా ఆ దినమున గాక మఱుసటి దినమున చేయుదురు. మూత్రపిండము మార్పిడికి సిద్ధపడువారు ముందుగా నోటిలోని చీమును, పుప్పిపండ్లను బాగుచేయించుకొనవలెను. మార్పిడి తరువాత వాడు మందులు శరీరముయొక్క రోగనిరోధశక్తిని తగ్గించును గనుక నోటిలోని చిన్న చీము అప్పుడు పెద్ద యాపద కావచ్చును. మధుమేహము గలవారికి చిగుళ్లరోగము త్వరగా వచ్చును. చిగుళ్లరోగము మధుమేహమును అదుపు తప్పించును. ఇవి యన్నియు ఒకే శరీరములోని విషయములు. దంతవైద్యుని గది వేఱు, మూత్రపిండవైద్యుని గది వేఱు గాని, రోగి యొక్కడే.

అడ్డపొగ

మన తల్లులను, నాయనమ్మలను నొప్పించు ఉద్దేశము లేకుండ ఒక మాట. నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్ట కాల్చు అడ్డపొగ అలవాటు మన తీరమున తరతరములుగా నున్నది. సముద్రపుగాలికి చుట్ట ఆరకుండుననియు, చుట్ట చాలసేపు వచ్చుననియు, పంటినొప్పి తగ్గుననియు చెప్పుదురు. డెన్మార్కు దేశీయుడగు పిండ్‌బోర్గు, బొంబాయి టాటా పరిశోధనాసంస్థకు చెందిన మెహతా మొదలైన పండితులు మన శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి 1971లో ఫలితములను ప్రకటించిరి. వారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ త్రాగువారే. ఆ నిప్పువేడికి, పొగకు అంగిలిపై మచ్చలు, పుండ్లు, కొందఱికి క్యాన్సరు కలుగుట వారు చూచిరి. మన నోళ్లను గూర్చి ప్రపంచమంతయు చదివినది. మనము మాత్రము చదువుకొనలేదు.

ఒరిస్సా పొలిమేరన గుడాకుతో పండ్లు తోముకొనువారు గలరు. పండ్లపొడిలోను, పేస్టులోను పొగాకు కలుపుటను కేంద్రప్రభుత్వము 1992లోనే నిషేధించినది. పొగాకు నొప్పిని మరపించును గాని రోగమును పోషించును. అంగిలిమీదగాని, బుగ్గలోపలగాని, నాలుకమీదగాని తెల్లని యెఱ్ఱని మచ్చయో, రెండు వారములలో మానని పుండో యున్నచో, నొప్పి లేకున్నను వైద్యునికి చూపవలెను. నోటిరోగములలో అతిభయంకరమైనది తొలుత నొప్పి లేనిదే యని మరువరాదు.

గృహస్థులు చేయవలసినవి

ఫ్లోరైడు గల పేస్టుతో దినమునకు రెండుమాఱులు, అందు రాత్రి పరుండబోవునప్పుడు తప్పక, పండ్లు తోముకొనవలెను. వేపపుల్ల మంచిదే, బొగ్గు, ఇటుకపొడి, ఇసుక పంటిపొరను అరగదీయును. పసిబిడ్డ నోటిలో తీపిపాల సీసా నుంచి నిద్రపుచ్చరాదు. పాలపండ్లు ఎట్లును ఊడునవే గదా యని ఉపేక్షింపరాదు. అవి వాని వెనుక వచ్చు పండ్లకు చోటు నిలుపునవి. సంవత్సరమున కొక్కమాఱైనను, జీడి డబ్బు చేతనున్న వేసవిలోనే, నొప్పి లేకుండగనే ఇంటిల్లపాదియు పండ్లు చూపించుకొనవలెను.

వైద్యునికడ బిడియపడరాదు. ఏమి రోగము, ఏయే చికిత్సలు గలవు, ఒక్కొక్కదానికి ఎంతయగును, ఎన్నినాళ్లు నిలుచును, ఎన్ని పర్యాయములు రావలెను అని అడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను. మంచి వైద్యుడు దానికి కోపింపడు. సంతలో కూర్చుండి తీగతోను, రంగుసిమెంటుతోను కదలని పండ్లు కట్టువారిని నమ్మరాదు. దంతవైద్యులు రిజిస్టరు కావలెనను నియమము 1948వ సంవత్సరపు చట్టమునుండియు నున్నది. 2023లో పార్లమెంటువారు జాతీయ దంతవైద్య కమీషన్ చట్టమును గూడ చేసిరి. చౌకగా కట్టిన ఆ పండ్ల క్రింద చిగుళ్లు కుళ్లి, మంచిపండ్లును పోవుట కలదు.

ప్రభుత్వాసుపత్రులలో దంతవైద్యుడున్న చోట ఏ దినములలో నుందురో తెలిసికొని పోవలెను. శ్రీకాకుళమున శ్రీసాయి దంతకళాశాల యున్నది. దంతకళాశాలలలో అధ్యాపకుల పర్యవేక్షణమున విద్యార్థులు చికిత్స చేయుదురు. సామాన్యముగా వెల తక్కువ, కాలము ఎక్కువ. కాలమున్నవారు దాని నుపయోగించుకొనవచ్చును.

సంఘమునకు, పోషకులకు విన్నపము

ఇక మన సంఘమునకు నాలుగు విన్నపములు. మొదటిది, మన వసతిగృహవిద్యార్థులందఱికి ప్రతిసంవత్సరము దంతపరీక్ష చేయించి, చిన్న గుంటలు అప్పుడే పూడ్పించవలెను. రెండవది, గ్రామమున కొకరోజు చొప్పున పలువురను కలిపి ఒకే వాహనమున దంతకళాశాలకు పంపు నేర్పాటు చేయవలెను. తోడుకూలి, దారిబత్తెము మిగులును. మూడవది, స్త్రీలసభలలో అడ్డపొగను గూర్చి స్త్రీలచేతనే మాటలాడింపవలెను. నాలుగవది, వడ్డీలేని యొక దంతనిధి నేర్పఱుపవలెను.

ఈ నాలుగవది కష్టమని తోచవచ్చును. 200 కుటుంబములు నెలకు 10 రూపాయల చొప్పున ఇచ్చినచో సంవత్సరమునకు 24,000 రూపాయలగును. అది ఆసుపత్రి కట్టుటకు చాలదు. కాని వడ్డీవ్యాపారి గుమ్మము తొక్కకుండ కొన్ని కుటుంబములను ఆపుటకు చాలును. తీసికొన్నవారు పంట డబ్బు వచ్చినప్పుడు తిరిగి కట్టినచో ఆ సొమ్మే మరల తిరుగును. లెక్కలు ఏటేట ఈ సంచికలోనే ప్రకటింపవలెను. కట్టనివారి పేళ్లు ప్రకటింపరాదు. నిధికి పెత్తనము ఎవరిదను కలహముతో నిధియే పుట్టకపోవుట మన సంఘములలో క్రొత్త కాదు గనుక, ఇద్దరు స్త్రీలను తప్పక చేర్చి చిన్న ఉపసంఘమునకు దాని నప్పగింపుడని కోరుచున్నాము.

పోషకమహాశయులారా! మీరు కల్యాణమంటపములకు, దేవాలయములకు ధారాళముగా నిచ్చితిరి. శిలాఫలకములపై మీ నామములు చెక్కబడినవి, అది యుచితమే. కాని నొప్పిచేత మూడురాత్రులు నిద్రలేని జీడికార్ఖానా కూలితల్లి నాలుగవరాత్రి నిద్రించినచో ఆమె మిమ్ము తలంచును. మన సీమలో ఆమె మ్రింగకుండ మానిన మాత్రలు ఆమె మూత్రపిండములను కూడ కొంత కాపాడును. ఇంత తక్కువ వెలకు ఇంత పుణ్యము మఱియొకచోట దొరకునని మేము తలంపము.

1940లో అఖిలభారత కిసాన్ మహాసభ మన పలాసలో జరిగినది. భూమిపన్నును గూర్చి, జమీందారీ బాధలను గూర్చి ఆనాటి రైతులు కలిసి మాటలాడుటచేతనే అవి యొక్కొక్కరి దురదృష్టములు గావని తెలిసికొనిరి. నోటిలోని పన్నును గూర్చియు నట్లే కలిసి మాటలాడుదము. ఒంటరిగా నోర్చుకొను బాధ అప్పుగా మారును. కలిసి చెప్పుకొన్న బాధ యేర్పాటుగా మారును.

 పై నాలుగు విన్నపములను తీర్మానములుగా చర్చించి, వీలైనవానిని ఈ సభయందే అంగీకరింప ప్రార్థించుచు విరమించుచున్నాము.